పట్టు దారంతో కుట్టుపని: ఒక పాఠం

ఈ వార్షిక సంచిక అందుకునే పెద్దల్లో కుట్టు శిక్షణకు మిషన్లు ఇచ్చినవారున్నారు, బట్ట ఇచ్చినవారున్నారు, దారం కొనిపెట్టినవారున్నారు. ఇచ్చిన దారంతో మన ఆడబిడ్డలు ఏం నేర్చుకుంటున్నారు, ఆ నేర్పు నాలుగు రూపాయలుగా ఎలా మారుతుంది అన్నది తెలుసుకునే హక్కు దాతలకు ఉంది. అందుకే ఈసారి మేము లెక్కల నివేదిక కాకుండా తరగతిలో చెప్పే పాఠాన్నే ఇక్కడ రాస్తున్నాము. పాఠ్యాంశం పట్టు దారం. క్రాస్ స్టిచ్‌లోనూ, ఇతర ఎంబ్రాయిడరీలోనూ దాన్ని ఎలా వాడాలి, ఎంత జాగ్రత్తగా వాడాలి, దాని పేరు చెప్పి అమ్మేటప్పుడు ఏది నిజం, ఏది కాదు అన్నది ఈ పాఠంలోని మూడు భాగాలు.

తెలిసిన దాని నుండి తెలియని దానికి వెళ్ళాలని ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పారు. కాబట్టి అందరికీ తెలిసిన దుకాణం నుండే మొదలుపెడతాము.

దుకాణంలో అడిగేది ఒకటి, ఇచ్చేది ఒకటి

ఏ ఊళ్ళోనైనా ఫ్యాన్సీ దుకాణానికి వెళ్ళి "సిల్క్ త్రెడ్ ఇవ్వండి" అంటే రంగురంగుల రీళ్ళు తీసి పెడతారు. గాజులకు చుట్టేది అదే. మగ్గం వర్క్ జాకెట్లకు ఆరీ సూదితో కుట్టేది కూడా ఎక్కువగా అదే. అందులో చాలా భాగం పట్టుపురుగు నుండి వచ్చింది కాదు. చెక్క గుజ్జు నుండి తీసిన విస్కోస్ రేయాన్, లేదా పాలిస్టర్. దీన్నే "ఆర్ట్ సిల్క్" అని కూడా అంటారు. ఇక్కడ ఆర్ట్ అంటే కళ అని అనుకుంటారు. కాదు, ఆర్టిఫిషియల్ అనే మాటకు అది పొట్టి రూపం, అంటే కృత్రిమం అని అర్థం.

విస్కోస్ దారం చెడ్డదని మేము చెప్పము. మెరుపు బాగుంటుంది, రంగులు చాలా దొరుకుతాయి, ధర తక్కువ. మగ్గం పని నేర్చుకునే పిల్లలు దానితోనే చేయి తిప్పుకోవాలి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, దానితో కుట్టి "పట్టు దారపు పని" అని చెప్పి అమ్మినప్పుడు. కుట్టిన అమ్మాయికి అది పట్టు కాదని తెలియకపోవచ్చు. కొన్న ఆమెకు మొదటి ఉతుకులో తెలుస్తుంది. విస్కోస్ తడిస్తే దాదాపు సగం బలం కోల్పోతుంది. గట్టిగా పిండితే పోగులు తెగి పైకి లేస్తాయి. పేరు పోయేది మాత్రం దుకాణదారుడిది కాదు, కుట్టిన బిడ్డది.

అసలు పట్టు పోగు ఎలాంటిది

పట్టుపురుగు తన చుట్టూ అల్లుకునే గూడులో ఉండేది ఒకే పొడవైన పోగు. జాతిని బట్టి ఒక్క గూడు నుండి కొన్ని వందల మీటర్లు, మేలు జాతి అయితే వెయ్యి మీటర్లకు పైన కూడా వస్తుంది. ఆ పోగు లోపల ఫైబ్రోయిన్ అనే మాంసకృత్తి, పైన సెరిసిన్ అనే జిగురు ఉంటాయి. పచ్చి పట్టు బరువులో సుమారు నాలుగో వంతు ఈ జిగురే. సబ్బు నీళ్ళలో ఉడికించి జిగురు తీసేశాక పట్టు మెత్తబడి మెరుస్తుంది. పోగును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రంగా కాక మూడు మూలలుగా కనిపిస్తుంది. ఆ చదును ముఖాల మీద వెలుగు పడి తిరిగి రావడం వల్లే పట్టుకు ఆ నిగారింపు.

ఇది ఎక్కడో దూర దేశపు సంగతి కాదు. దేశంలో పచ్చి పట్టు ఉత్పత్తిలో కర్ణాటక తరువాత పేరు ఆంధ్రప్రదేశ్‌దే. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు ఉంది. ధర్మవరంలో పట్టు మగ్గాలు ఉన్నాయి. పట్టు మన పక్కనే పుడుతోంది, మన పిల్లల సూదికి మాత్రం అరుదుగా ఎక్కుతోంది.

కుట్టుపనికి వచ్చే పట్టు దారం మూడు రకాలని పిల్లలకు చెబుతాము.

మొదటిది పురి లేని చదును పట్టు. అద్దంలా మెరుస్తుంది. గోరు తగిలితే చాలు, రేగిపోతుంది. ఇది చేయి బాగా కుదిరినవారికే.

రెండవది పురి పెట్టిన పట్టు. కొంచెం గట్టిగా ఉంటుంది, కుట్టు తీరు స్పష్టంగా కనిపిస్తుంది.

మూడవది వడికిన పట్టు. తెగిన గూళ్ళు, మిగిలిపోయిన పొట్టి పోగులు కలిపి నూలులా వడుకుతారు. మెరుపు కాస్త తక్కువైనా కాటన్ దారంలా చెప్పినట్టు వింటుంది. కొత్తగా నేర్చుకునేవారికి దీనితోనే మొదలుపెట్టాలి.

మంట చెప్పే సాక్ష్యం

పట్టును గుర్తించే పరీక్ష తరగతిలో పిల్లలకు బాగా గుర్తుండిపోయే పాఠం. వేలెడంత దారం ముక్క కత్తిరించి, చిమ్మెటతో పట్టుకుని, స్టీలు పళ్ళెం మీద వెలిగించాలి. పక్కన నీళ్ళ గిన్నె, దగ్గర పెద్దవారు తప్పనిసరి. చున్నీలు వెనక్కి కట్టుకోవాలి.

పట్టు అయితే నెమ్మదిగా కాలుతుంది, మంట తీస్తే దానంతటదే ఆరిపోతుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్ల ముద్ద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. విస్కోస్ అయితే కాగితంలా భగ్గున కాలి, కాగితం వాసనతో, కాస్త బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే కరిగి, చల్లారాక పూసలా గట్టి పడుతుంది. దాన్ని నలపలేము.

ఈ పరీక్షకు హద్దులున్నాయని కూడా చెప్పాలి. ఉన్ని కాలినా వెంట్రుకల వాసనే వస్తుంది. కలిపి పేనిన దారమైతే ఫలితం తికమకగా ఉంటుంది. కాబట్టి ఎక్కువ మొత్తంలో కొనేటప్పుడు సిల్క్ మార్క్ ఉన్న సరుకు అడగాలి. కేంద్ర పట్టు మండలి ప్రోత్సాహంతో 2004లో మొదలైన గుర్తు అది. స్వచ్ఛమైన పట్టు అని చెప్పడానికే దాన్ని వేస్తారు.

ఇది మనకు మరింత ముఖ్యం ఎందుకంటే

మన ఇళ్ళలో దారం పేరు సరిగ్గా చెప్పడం వ్యాపార నిజాయితీతోనే ఆగిపోదు. స్త్రీలు పట్టు ధరించవచ్చు, పురుషులు ధరించరాదు అన్నది మనందరికీ తెలిసిన విషయం. పురుషుల బట్ట మీద రెండు, మూడు, నాలుగు వేళ్ళ వెడల్పు వరకు పట్టుకు మినహాయింపు ఉందని హదీసులో వచ్చింది. పెళ్ళికొడుకు షేర్వానీ మెడ చుట్టూ, ముంజేతుల మీద, ఛాతీ మీద నిండుగా కుట్టమని ఆర్డరు వస్తే, వాడే దారం అసలు పట్టా, విస్కోసా అన్నది కుట్టే అమ్మాయికి తెలిసి తీరాలి. పట్టు దారమైతే ముందే చెప్పాలి, లేదా విస్కోస్, కాటన్ దారం వాడాలి. సందేహం ఉంటే ఇంటివారు ఆలిమ్‌ను అడుగుతారు. దారం పేరు చెప్పాల్సిన బాధ్యత మాత్రం కుట్టినవారిదే.

అంటే తప్పు పేరు రెండు విధాలా నష్టం చేస్తుంది. ఒక తల్లి పట్టు అనుకుని డబ్బు పోసి విస్కోస్ కొనుక్కుంటుంది. ఒక కొడుకు పట్టు కాదనుకుని పట్టు తొడుక్కుంటాడు. పూర్వం దక్కనులోనూ గుజరాతులోనూ నేసిన మష్రూ బట్ట ఈ సంగతి మనసులో పెట్టుకుని పుట్టిందే. పైకి పట్టు పోగు, ఒంటికి తగిలే వైపు నూలు పోగు వచ్చేలా నేసేవారు. ఆ పేరుకు అర్థమే అనుమతించబడినది అని. అంటే ఏ పోగు ఎటువైపు వస్తుందో ఆ నేతగాళ్ళకు క్షుణ్ణంగా తెలుసు. మన పిల్లలకూ తాము పట్టుకున్న పోగు గురించి అంత తెలియాలి.

చేయి, సూది, బట్ట

పట్టు దారం ముట్టుకునే ముందు చేతుల పాఠం. అంట్లు తోమి, బట్టలు ఉతికి వచ్చే చేతులు గరుకుగా ఉండటం సహజం. ఆ గరుకుకు పట్టు పోగు చిక్కుకుంటుంది. అరచెంచా పంచదార, నాలుగు చుక్కల నూనె వేసి వేళ్ళు రుద్ది, సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుంటే చేయి నునుపు తేలుతుంది. గోళ్ళు కత్తిరించి అంచులు అరగదీయాలి. నూనె చేయి, తడి చేయి రెండూ దారానికి మచ్చలే. తడి మెహందీ పెట్టుకున్న రోజు పట్టు పనికి సెలవు.

క్రాస్ స్టిచ్‌కు మొన మొద్దుగా ఉండే సూది కావాలి. అది బట్ట పోగును చీల్చదు, రెండు పోగుల మధ్య నుండి దూరుతుంది. అంగుళానికి 14 గళ్ళు ఉండే ఐదా బట్టకు 24వ నంబరు సూది సరిపోతుంది, ఇంకా సన్నని గళ్ళకు 26వ నంబరు. బడిలో మనమంతా మ్యాటీ బట్ట మీద నేర్చుకున్నాము. దాని గళ్ళు పెద్దవి కాబట్టి కాటన్ దారంతో చేయి తిరగడానికి అదే మంచిది. పట్టుకు వచ్చేసరికి సన్నని, సమమైన గళ్ళ బట్ట తీసుకోవాలి. శాటిన్ కుట్టు, కాడ కుట్టు, గొలుసు కుట్టు వేసేటప్పుడు మాత్రం మొన ఉన్న సూదే. సూది కన్ను పెద్దదిగా ఉండాలి. ఇరుకు కంటిలో పట్టు రాపిడికి నలిగిపోతుంది.

క్రాస్ స్టిచ్‌లో పట్టు: ఎనిమిది సూత్రాలు

ఒకటి, దారం 45 సెంటీమీటర్లకు మించి కత్తిరించకూడదు. మోచేతి నుండి వేలి కొస వరకు కొలత అనుకుంటే గుర్తుంటుంది. పొడుగు దారం బట్టలోంచి ఎక్కువసార్లు దూరి రేగిపోతుంది.

రెండు, పోగులను ఒక్కొక్కటిగా పైకి లాగి విడదీసి, తిరిగి పక్కపక్కన చేర్చుకోవాలి. విడదీయకుండా వాడితే కుట్టు ముద్దగా వస్తుంది.

మూడు, ముడి వేయకూడదు. మొదట నాలుగైదు సెంటీమీటర్లు వెనుక వదిలి, దాని మీదుగా కుట్లు వేసుకుంటూ పోతే కొస దానంతటదే అణుగుతుంది.

నాలుగు, ఇంటూ గుర్తులో పైకి కనిపించే గీత ప్రతి కుట్టులోనూ ఒకే వైపుకు వాలాలి. కాటన్‌లో ఒక కుట్టు ఎదురు వాలితే అంతగా కనబడదు. పట్టులో వెలుగు వేరే వైపుకు పోయి ఆ ఒక్క కుట్టు చుక్కలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఐదు, పది కుట్లకొకసారి సూదిని వదిలేసి వేలాడనివ్వాలి. దారం తనకు తానే తిరిగి పురి సరిచేసుకుంటుంది.

ఆరు, దారాన్ని లాగి బిగించకూడదు. బట్టకు ఆనుకోగానే ఆగాలి.

ఏడు, విప్పిన పట్టు దారాన్ని మళ్ళీ కుట్టకూడదు. మెరుపు పోయి ఉంటుంది. వెనుక నుండి జాగ్రత్తగా కత్తిరించి తీసేసి, కొత్త పోగు ఎక్కించాలి.

ఎనిమిది, పని ఆపగానే రింగు తీసేయాలి. రాత్రంతా బిగించి ఉంచితే పట్టు కుట్లు చదునుగా నలిగి, గుండ్రటి గుర్తు పడుతుంది.

వెలుగు, దిశ అన్న నాలుగవ సూత్రం అర్థం కావడానికి పంజాబు ఫుల్కారీ గురించి చెబుతాము. అక్కడ స్త్రీలు ముతక ఖద్దరు మీద పురి లేని పట్టు దారంతో, బట్ట వెనుక వైపు నుండి పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టేవారు. ఒకే రంగు దారాన్ని కొన్నిచోట్ల నిలువుగా, కొన్నిచోట్ల అడ్డంగా వేస్తే రెండు రంగులున్నట్టు కనిపించేది. హిందూ, సిక్కు, ముస్లిం స్త్రీలు ముగ్గురూ కుట్టిన పని అది. క్రాస్ స్టిచ్‌కు ఇంకా దగ్గరి ఉదాహరణ పాలస్తీనా స్త్రీల తత్రీజ్. నార బట్ట మీద పట్టు దారంతో వేసిన ఇంటూ కుట్ల నమూనాను చూసి, ఆ గౌను ఏ ప్రాంతపు స్త్రీదో చెప్పగలిగేవారు. ఈ కళను యునెస్కో 2021లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కాగితం మీద గళ్ళు, బట్ట మీద గళ్ళు, చేతిలో లెక్క, ఈ మూడే ఆ పనికీ మన పనికీ ఆధారం.

సూది చెప్పే లెక్కలు

కుట్టు తరగతిలో గణితం బోధించడం మాకు ఇష్టమైన పని. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన అమ్మాయి కూడా ఈ లెక్కను పట్టుదలగా చేస్తుంది, ఎందుకంటే ఫలితం తన చేతికే వస్తుంది.

అంగుళానికి 14 గళ్ళ బట్ట మీద చదరపు అంగుళానికి 14 × 14, అంటే 196 కుట్లు. ఒక కుట్టుకు ముందు రెండు ఏటవాలు గీతలు, వెనుక రెండు నిలువు గీతలు కలిపి సుమారు 9 మిల్లీమీటర్ల దారం పడుతుంది. 196 కుట్లకు సుమారు 175 సెంటీమీటర్లు. 45 సెంటీమీటర్ల ముక్కలో రెండు కొసలకు పోయే 9 తీసేస్తే కుట్టడానికి మిగిలేది 36. కాబట్టి ఐదు ముక్కలు, అంటే 225 సెంటీమీటర్లు కావాలి. రెండు పోగులతో కుడతాము కనుక విడి పోగు లెక్కలో నాలుగున్నర మీటర్లు. ఆరు పోగులు, 8 మీటర్లు ఉన్న లచ్చిలో విడి పోగు 48 మీటర్లు. దానితో సుమారు పది చదరపు అంగుళాలు నిండుతాయి.

ఇప్పుడు ధర. ఈ అంకెలు తరగతి కోసం అనుకున్నవే, ఊరిని బట్టి మారతాయి. నాలుగు చదరపు అంగుళాల చిన్న పూవు, 784 కుట్లు, 18 మీటర్ల పోగు. కాటన్ లచ్చి 20 రూపాయలు, అంతే పొడవు పట్టు 200 రూపాయలు అనుకుందాం. కాటన్ దారానికి ఏడున్నర రూపాయలు, పట్టు దారానికి 75 రూపాయలు. కాటన్‌తో నిమిషానికి 4 కుట్లు వేస్తే 196 నిమిషాలు. పట్టుతో జాగ్రత్తగా 3 కుట్లు వేస్తే 261 నిమిషాలు. నిమిషానికి రూపాయి కూలి వేసుకుంటే కాటన్ పూవుకు 203 రూపాయల 50 పైసలు, పట్టు పూవుకు 336 రూపాయలు. బట్ట ఖర్చు వేరు.

ఈ లెక్క పలక మీద వేశాక పిల్లలు రెండు సంగతులు వాళ్ళంతట వాళ్ళే చెబుతారు. పట్టు దారం పదింతలు ప్రియమైనా, పూర్తయిన వస్తువు ధర రెండింతలు కూడా కాలేదు. ఎందుకంటే రెండింటిలోనూ పెద్ద భాగం దారం కాదు, కూర్చున్న సమయం. అలాగే, దుకాణదారుడు ముక్కకు ఇంత అని కూలి చెప్పినప్పుడు అందులో నిమిషానికి ఎంత పడుతుందో ఇప్పుడు లెక్క కట్టగలరు. ఇంట్లో కూర్చుని కుట్టే మన స్త్రీలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. దారం ధర అడుగుతారు, కూలి ధర అడగరు.

కాబట్టి పట్టును పెద్ద దుప్పటి మీద చల్లకుండా, చిన్న వస్తువుల మీద వాడమంటాము: పుస్తకంలో పెట్టుకునే పట్టీ, చేతిసంచి మీద పూవు, దుపట్టా మూల, పటం కట్టించుకునే చిన్న నమూనా.

ఉతకడం, దాచడం

ముదురు ఎరుపు, నలుపు, నీలం పట్టు దారాలు రంగు వదలవచ్చు. కుట్టకముందే తడిపిన తెల్ల గుడ్డ మధ్య దారం పెట్టి గోరువెచ్చని ఇస్త్రీ అదమాలి. గుడ్డకు రంగు అంటితే ఆ వస్తువుకు డ్రై క్లీనింగే మార్గమని కొనేవారికి చెప్పాలి. ఉతకగలిగినదైతే చల్లని నీళ్ళు, కొద్దిగా షాంపూ. బట్టల సోడా, ఘాటు డిటర్జెంట్ పట్టును పాడుచేస్తాయి. బ్లీచింగ్ అయితే తినేస్తుంది. పిండకుండా తువ్వాలులో చుట్టి తడి తీసి, నీడలో ఆరవేయాలి. ఇస్త్రీ వెనుక వైపు నుండి, మందపాటి గుడ్డ మీద పరిచి చేయాలి.

దాచేటప్పుడు పాలిథిన్ సంచి వద్దు. ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టి, ఎండ తగలని చోట పెట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి. ఈ జాగ్రత్తలు రాసిన చిన్న చీటీ ప్రతి వస్తువుకూ కట్టి ఇవ్వాలి. ఆ చీటీ మొదటి వరుసలో దారం పేరు ఉండాలి: పట్టు, విస్కోస్, కాటన్, ఏదైతే అది.

దాతలకు మా మనవి

కుట్టు శిక్షణకు ఇచ్చేవారు సాధారణంగా మిషను గురించి ఆలోచిస్తారు. చేతి ఎంబ్రాయిడరీకి కావలసినవి ఇంకా చిన్నవి: మంచి వెలుతురు, నడుము నొప్పి పుట్టని కుర్చీ, బల్ల, పదునైన చిన్న కత్తెరలు, సరైన నంబరు సూదులు, గళ్ళు సమంగా ఉన్న బట్ట, కొన్ని లచ్చీల నిజమైన పట్టు. మొదటి నెలల్లో కాటన్ సరిపోతుంది. పట్టు చివరి దశకు మాత్రమే, అదీ కొలిచి ఇవ్వాలి.

వీటన్నిటికంటే ఎక్కువ ఖర్చు సమయానిది. నేర్చుకుంటున్న నెలల్లో ఆ అమ్మాయికి సంపాదన ఉండదు, ఇంట్లోవారు త్వరగా పనిలో పెట్టాలని తొందరపడతారు. చాలామంది సగంలో ఆగిపోయేది అందుకే. శిక్షణ పొందే వ్యవధిలో దారి ఖర్చులకైనా సాయం అందితే పట్టు దశ దాకా వచ్చేవారు పెరుగుతారు.

చివరగా ఒక చిన్న సాయం, దానికి చందా కూడా అక్కర్లేదు. మీ ఇంట్లో పెళ్ళికో పండుగకో ఎంబ్రాయిడరీ కొనేటప్పుడు, కుట్టిన అమ్మాయిని "బేటీ, ఇది ఏ దారం?" అని అడగండి. ఆమె చెప్పిన సమాధానం విని, ఆమె వేసుకున్న లెక్క చూసి, ఆ ధర బేరమాడకుండా ఇవ్వండి. విస్కోస్‌ను విస్కోస్ అని చెప్పిన బిడ్డకు ఆ నిజం వల్ల నష్టం రాకూడదు. ఆ ఒక్క విషయం మీరు చూసుకుంటే మిగిలిన పాఠం మేము చెప్పుకుంటాము.